ఇంట్లో సున్నా సార్లు

"సూప్‌లో ఉప్పు తక్కువైంది" అన్నాడు సినిషా, టీవీ మీంచి కళ్ళు తిప్పకుండానే.

లేచి ఉప్పు డబ్బా తెచ్చి మా ఆయన చేతి దగ్గర పెట్టాను. "ఈమధ్య దీనికి వంట మీద ధ్యాసే లేదు" అంది మా అత్తగారు స్తోయాంకా, రొట్టె తుంచుకుంటూ. మా అమ్మాయి ఇస్క్రా చెవుల్లో పాటలు పెట్టుకుని ఫోన్‌లో మునిగిపోయి ఉంది. గిన్నెలు తీశాను, కడిగాను, బల్ల తుడిచాను. నేను ఇంట్లో నోరు విప్పి అప్పటికి నాలుగు రోజులైంది. ఆ సంగతి ఆ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు.

అలిగి మాటలు మానెయ్యలేదు. మా ఊరి గొట్టాల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో పంతొమ్మిదేళ్ళుగా వండుతున్నాను. ఫ్యాక్టరీ చైనావాళ్ళ చేతికి వచ్చాక, వేసవిలో ఎనిమిది వారాల చైనీస్ తరగతులు పెడుతున్నామని గేటుకి కాగితం అంటించారు. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు దాకా, అన్నాళ్ళూ డ్యూటీ ఉండదు. చివరి పరీక్షలో మొదటి ఆరుగురికి దుభాషీ ఉద్యోగం. ఆ కాగితం ముందు నిలబడినప్పుడు నా చేతులు ఉల్లిపాయ కంపు కొడుతున్నాయి. ఇంకో పంతొమ్మిదేళ్ళు అదే కంపుతో బతకలేననిపించింది. పేరు రాసేశాను.

"నలభయ్యారేళ్ళకి పలకా బలపమా? సరే, తగలడు. ఇంటి పని మాత్రం ఆగకూడదు" అన్నాడు సినిషా.

"మనవాళ్ళతో నాలుగు ముక్కలు మాట్లాడ్డం రాదు గానీ, చైనావాళ్ళతో ఏం మాట్లాడుతుందట!" అంది అత్తగారు.

ఇంటి పని ఆగలేదు. నాలుగున్నరకి లేచి మధ్యాహ్నం భోజనం వండి పెట్టేదాన్ని. అత్తగారి బీపీ మాత్రలు పూటవారీగా సర్ది, ఆవిడ కాళ్ళకి మందు రాసి, సినిషా చొక్కాలు ఇస్త్రీ చేసి బయల్దేరేదాన్ని. తిరిగొచ్చాక దోసకాయలు సీసాల్లో ఊరవేస్తూ, సింకు పైన అంటించుకున్న కాగితాల్లోంచి అక్షరాలు నేర్చుకునేదాన్ని. ఆవిరికి అవి ఒక్కొక్కటే ఊడి నీళ్ళలో పడేవి. తీసి ఆరబెట్టి మళ్ళీ అంటించేదాన్ని.

మొదటిరోజు మా శెన్ టీచర్, ముప్ఫై కూడా నిండని పిల్ల, "మీ ఇంట్లో ఎంతమంది ఉంటారు?" అనే ప్రశ్నతో పాఠం మొదలుపెట్టింది. "నలుగురం" అని గట్టిగా చెప్పాను. భలే అంది. సాయంత్రం మా అందరి చేతా ప్రతిజ్ఞ రాయించి సంతకాలు పెట్టించింది. మర్నాటి నుంచి ఎనిమిది వారాలూ అయ్యేదాకా మా భాష మాట్లాడకూడదు, ఇంట్లో కూడా. ఎన్నిసార్లు తప్పామో, ఎవరితో తప్పామో పుస్తకంలో రాసుకుని మర్నాడు అందరి ముందూ చదవాలి. దానికీ మార్కులుంటాయి.

ఆ రాత్రే భోజనాల దగ్గర ఇదంతా వివరంగా చెప్పాను. సినిషా "ఊఁ" అన్నాడు. ఫుట్‌బాల్ ఆట నడుస్తోంది.

నేను మొదటిరోజే ఓడిపోతాననుకున్నాను. గొంతు పోయిందని సైగ చేద్దామని, ఎండాకాలంలో మెడకి ఉన్ని గుడ్డ కూడా చుట్టుకున్నాను. నా మెడ వైపు ఎవరూ చూడలేదు. "కాఫీ" అంటే కాఫీ తెచ్చాను. "అమ్మా, నా నల్ల చొక్కా ఏదీ?" అంటే వేలు చూపించాను. "రేపు మా తమ్ముడు వాళ్ళు వస్తున్నారు, ఓ పళ్ళెం జున్ను రొట్టె చెయ్యి" అంటే తలాడించాను. నాతో అనే మాటలన్నీ పురమాయింపులే. పురమాయింపుకి చేతులుంటే చాలు, జవాబు అక్కర్లేదు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఈ సంగతి నాకు ఇప్పుడు తెలిసొచ్చింది.

మా తరగతిలో గ్వోజ్దెన్ అనే వెల్డరున్నాడు. "నలభై రెండు సార్లు తప్పాను టీచర్" అని వచ్చీరాని చైనీస్‌లో చదివాడు. "నేను మాట్లాడకపోతే మా ఆవిడ నాకేదో అయిందని హడలిపోయి డాక్టరుకి ఫోన్ చేసింది. నేనేం చెయ్యను?" అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. నా వంతు వచ్చినప్పుడు చదివాను: "ఇంట్లో సున్నా సార్లు."

అయిదో వారం శెన్ టీచర్ నన్ను అందరి ముందుకీ పిలిచి, బంగారు అక్షరాలున్న పెద్ద ఎర్ర కాగితం చేతిలో పెట్టింది. అది నాకు కాదు. వాళ్ళ ఆనవాయితీ ప్రకారం నా పేరు వేసి మా ఇంటివాళ్ళకి రాసిన మెచ్చుకోలు. 'దోబ్రిలా కుటుంబానికి, మీ సహకారానికి కృతజ్ఞతలు.'

"మీవాళ్ళు ఎంత మంచివాళ్ళు! మీకోసం ఎంత సర్దుకుపోతున్నారో!" అంది.

సంత గురించి, రైలు గురించి, వాన గురించి అప్పటికి నాకు మాటలు వచ్చు. దీనికి రావు. "అవునండీ, మంచివాళ్ళు" అన్నాను.

కాగితం తెచ్చి భోజనాల బల్ల మధ్యలో పెట్టాను. ఎవరైనా ఇదేమిటని అడిగితే ప్రతిజ్ఞ తప్పుతాననీ, మార్కులు పోతే పోనీ, ఉద్యోగం పోతే పోనీ, అంతా చెప్పేస్తాననీ నిశ్చయించుకున్నాను.

"ఏంటిది?" అన్నాడు సినిషా.

నోరు తెరిచాను.

"చైనావాళ్ళ క్యాలెండరా?" అని తనే అనేసి, దాన్ని మడిచి, ఉప్పునీళ్ళు కారుతున్న దోసకాయల సీసా కిందికి తోశాడు.

"మంచిపని చేశావు, బల్లగుడ్డ పాడవకుండా ఉంటుంది" అంది అత్తగారు.

ఇస్క్రా తలెత్తింది. నా వైపు చూస్తుందనుకున్నాను. ఛార్జర్ కోసం వెతుక్కుంది.

పొద్దుటికి ఎర్రరంగు బల్లగుడ్డంతా పాకింది. "ఊరికే తుడిస్తే పోదు, బ్రష్షు పెట్టి రుద్దు" అంది అత్తగారు. రుద్దాను. పోలేదు.

మిగతా మూడు వారాలు నేను ప్రతిజ్ఞ నిలబెట్టుకోవడానికి ఏ ప్రయత్నమూ చెయ్యలేదు. అదే నిలబడింది.

పరీక్షనాడు బల్లకి అవతల ముగ్గురు కూర్చున్నారు. శెన్ టీచర్ నాకు ధైర్యం రావాలని మొదటి పాఠంలోని ప్రశ్నే అడిగింది.

"మీ ఇంట్లో ఎంతమంది ఉంటారు?"

"ముగ్గురు" అన్నాను.

ఆమె పెన్సిల్ ఆగింది. పక్కవాళ్ళు వినకుండా కాస్త ముందుకి వంగింది. "కంగారుపడకండి, మార్కు పోతుంది. మీవారు, మీ అమ్మాయి, మీ అత్తగారు. మిమ్మల్ని మర్చిపోయారు. మళ్ళీ లెక్కపెట్టి చెప్పండి."

"లెక్కపెట్టే చెప్పాను టీచర్" అన్నాను.