ఎర్ర టేపు

“నీదేం పోతది, టేపు జర కిందికి చుట్టు” అన్నాడు మా ఆయన, నేను బియ్యం కడుగుతుంటే. ఛత్రినాకలో మా ఇంటి ముందు గదే షెడ్డు. అల్యూమినియం దిమ్మెలకు డ్రిల్లుతో రంధ్రాలు వేసేది నేను. వాటి లోపల బోల్టు పట్టే మరలు, మేమనే చూడీలు, కోసేది జల్‌పల్లి నుంచి వచ్చే బేబీ. రంధ్రం ఎంత లోతు దిగాలో తెలియడానికి డ్రిల్లు బిట్టుకు ఎర్ర టేపు చుట్టుకుంటాను. ఇనుముకైతే బోల్టు మందమంత లోతు చాలు. అల్యూమినియం మెత్తన, రెండింతలు కావాలి. ఎవరూ నేర్పలేదు, చెడినవి చూసి చూసి తెలుసుకున్నాను. ఒకసారి ఆ మాటంటే, “ఇంజనీర్‌వైనవా, అన్నం మాడుతున్నది చూడు” అని ఆయన నవ్వాడు. అత్త నవ్వింది. నేనూ నవ్వాను. అలా నవ్వేయడం నాకు అలవాటు. ఈసారీ నవ్వేసి టేపు కిందికి, బిట్టు మొన వైపు జరిపాను. రంధ్రం లోతు తగ్గి, రోజుకు ఇరవై దిమ్మెలు ఎక్కువ తెమిలాయి.

పది రోజులకు ఇస్సాకన్న వచ్చాడు. మోటార్లు బిగించడానికి మా దిమ్మెలు కొనేది ఆయనే. ఒక బోల్టు తీసి బల్ల మీద పెట్టాడు. బోల్టుకు ఏమీ కాలేదు. అల్యూమినియం మరలే సన్నని తీగలా ఊడి దాన్ని చుట్టుకున్నాయి.

“బిగిస్తుంటెనే ఊడొచ్చింది భాయ్. మోటార్ మనిషి మీద పడితే ఏంది?”

“బేబీ చెయ్యి జోరెక్కువ అన్నా, చూడీలు తినేసింది” అంటూ మా ఆయన నా వైపు తిరిగాడు. “అవునా, కాదా?”

బేబీ అక్కడే ఉంది. సగం చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి, కిరోసిన్ చుక్క వేసుకుంటూ, పసిపిల్ల చెవి తుడిచినంత మెల్లగా మరలు కోస్తుంది. రోజూ పక్కన కూర్చొని చూసేదాన్ని నేనే.

అవునని తలూపాను.

రేపటి నుంచి రావద్దని బేబీతో అన్నాడు మా ఆయన. బేబీ టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంది. “నువ్వు చూసినవు గద అక్కా” అంది, అంతే.

మూడు రోజులుగా అద్దం ముందు జడ వేసుకుంటున్నా ఆ తల ఊపడమే కనిపిస్తోంది. ఆయన మీద కోపమైతే తేలికగా ఉండేది. టేపు ఆయన జరిపించాడనుకోవచ్చు. తల మాత్రం నాది. ఆయన మాటకు నా తల ఎంత సులువుగా ఊగిందో తలచుకుంటే, బేబీ కూర్చునే పీట వైపు చూడలేకపోతున్నాను.

ఈ పొద్దున టేపు విప్పి పాత చోట చుట్టాను. పని తగ్గుతుందని ఆయన లొల్లి చేస్తుండగానే ఇస్సాకన్నకు ఫోన్ చేశాను.

“అన్నా, బేబీ తప్పు లేదు. బొక్క లోతు తక్కువ తీసింది నేను. ఉన్న దిమ్మెలన్ని వాపస్ తెండి, ఒక్కటి గూడ బిగించకుండ్రి.”

“నువ్వు పనిమంతురాలివి గద చెల్లె. తక్కువ తియ్యమని ఎవరు చెప్పిన్రు?”

ఫోన్‌లో ఆ మాట బయటికి వినపడ్డట్టుంది, ఎవరూ లేరన్నట్టు మా ఆయన నా వైపు తల అడ్డంగా ఊపుతున్నాడు. ఎట్లా ఊపాలో నాకు చూపిస్తున్నాడు.

“నగేష్” అన్నాను.

పెళ్లయిన ఆరేళ్లలో ఆయన పేరు నా నోట రావడం అదే మొదటిసారి.