పెట్టెలో పెట్టొద్దన్న తాళం

నేను ఒక ఇత్తడి తాళాన్ని. అలీగఢ్‌లో ఓ ఇరుకు గదిలో నన్ను పోతపోసి, ఆకురాయితో రాకి, మెడకు రెండు తాళంచెవులు కట్టి పంపారు. రాజంపేట బజారులో ఇనుప సామాన్ల కొట్లో ఏడాదిపాటు మేకుకు వేలాడాక రెడ్డెమ్మ నన్ను కొన్నది. ఆమె కువైట్‌కు ఇంటిపనికి పోతోంది.

అక్కడ ఎనిమిదేళ్లు చేసొచ్చిన మస్తానమ్మ, రెడ్డెమ్మ పెట్టె ముందు కూర్చుని ఒక్కొక్కటే తీసి పక్కన పడేసింది.

"పట్టుచీర ఎందుకే, ఎవురు చూడాల? అలారం గడియారం వద్దు, ఆ ఇంటాయమ్మే లేపుతాది. ఊరగాయ వాసనకే పారేస్తారు." చివరికి నన్ను పట్టుకుంది. "తాళమా! నీకంటూ ఒక తలుపుంటే కదా ఏసుకునేది?"

రెడ్డెమ్మ అన్నీ వదిలేసింది, నన్ను తప్ప. మనుషులు మంచిమాట తొంభై పాళ్లు వింటారు. మునిగేది ఆ మిగతా పది పాళ్లలోనే.

కువైట్‌లో మొదటిరోజే యజమానురాలు పాస్‌పోర్టుతోపాటు నన్నూ, ఒక తాళంచెవినీ తీసేసుకుంది. రెండోది రెడ్డెమ్మ లంగా బొందుకు కట్టుకుని ఉంది కాబట్టి మిగిలింది.

మూడో నెలలో రెడ్డెమ్మ గోడ మీదుగా పక్కింటి పనిమనిషితో మాట్లాడింది. పారిపోతుందేమోనని యజమానురాలికి అనుమానం పుట్టింది. ఇంటిల్లిపాదితో నాలుగు రోజులు సముద్రపు ఒడ్డుకు పోతూ, ఆమె రెడ్డెమ్మను వంటింటి పక్క గదిలోకి తోసి, రొట్టెల పొట్లం ఒకటి విసిరి, బయట గొళ్లేనికి నన్ను వేసింది.

రెండో రోజుకు రొట్టెలైపోయాయి. జ్వరం వచ్చింది. మూడో రోజు ఇంట్లో ఉన్న రెండో కారు కడగడానికి ఆ ఇంటి డ్రైవరు చెంగల్రాయుడు వచ్చాడు. మా రాజంపేట పక్క కోడూరు వైపువాడు. అడుగుల చప్పుడు విని రెడ్డెమ్మ తలుపు బాదింది. తలుపు కిందనుంచి తన తాళంచెవిని బయటికి తోసింది.

"తమ్ముడూ, తాళం తియ్యి నాయనా. నీకు పుణ్యముంటాది."

తీశాడు. ఆమె ముఖం చూసి బిక్కచచ్చిపోయాడు. సంచిలోని రెండు అరటిపళ్లు ఆమె చేతిలో పెట్టాడు. ఆమె గడప దాటబోతే మాత్రం చేతులు అడ్డం పెట్టాడు.

"నువ్వు పోతే నా వీసా పీకేస్తారక్కా. ఇద్దరు ఆడబిడ్డలు నాకు."

ఆమెను లోపలికి నెట్టి, మళ్లీ నన్ను వేశాడు. యజమానురాలు కోపంతో వేసింది, ఇతను కన్నీళ్లు పెట్టుకుని వేశాడు. నాకు రెండూ ఒకే చప్పుడు. లోపలినుంచి ఇక ఎవరూ తలుపు కొట్టలేదు.

యజమానురాలు తిరిగి రాగానే అతను ఆ తాళంచెవిని ఆమెకు అప్పజెప్పాడు. ఆమె అతని భుజం తట్టింది. తర్వాత రెడ్డెమ్మ చెంపలు వాయగొట్టింది.

రెండేళ్ల ఒప్పందం ముగిసింది. పాస్‌పోర్టు తిరిగి ఇస్తూ యజమానురాలు నన్ను కూడా ముందు పెట్టి, "నీ వస్తువు నాకెందుకు?" అంది, తన నిజాయితీకి తనే మురిసిపోతూ. రెడ్డెమ్మ నన్ను చెత్తబుట్టలో, ఉల్లిపొట్టు మీద పడేసింది.

విమానాశ్రయానికి తీసుకుపోవడానికి చెంగల్రాయుడే వచ్చాడు. చేతిలో చిన్న పొట్లం.

"అక్కా, బిడ్డలకు రెండు గౌన్లు. మా ఇంటిది బస్టాండుకొచ్చి తీసుకుంటాది."

రెడ్డెమ్మ పెట్టె తెరిచే ఉంది. అడుగున రెండు చీరలు, ఒక దువ్వెన.

"చోటు లేదు తమ్ముడూ" అని ఆమె మూత వేసింది.