మూడు హారన్లు

ఫోనులో దారి చూపించే పటమంటే ఖమాయ్ పెదనాన్నకు ఒళ్ళుమంట. మిగతా డ్రైవర్లు దాన్ని అద్దం ముందు నిలబెట్టుకుని, అందులోని ఆడగొంతు ఎటు తిరగమంటే అటు తిరుగుతుంటే, పెళ్ళాం మాట విననివాళ్ళు కూడా దీని మాట ఎలా వింటున్నారో చూడండని వెక్కిరించేవాడు. ముప్పై ఎనిమిదేళ్ళుగా బండి తోలుతున్నాననీ, ఒక్కనాడూ ఎవరినీ దారి అడగలేదనీ, అడిగిన రోజున తాళం చెవి ఇచ్చేసి ఇంటికి పోతాననీ యాత్రకు ఒకసారైనా అనకుండా ఉండేవాడు కాదు. గైడు నువన్ ఆ మాటలన్నీ ఇంగ్లీషులో చెబితే వెనక కూర్చున్న ఎనిమిదిమంది విదేశీ పెద్దవాళ్ళూ హాయిగా నవ్వేవారు.

అది తీరుబడి యాత్ర. బాంకాక్‌లో పడవలూ గుళ్ళూ సంతలూ అయ్యాక ఉత్తరానికి వచ్చారు. రోజుకు ఒక్క ఊరు, దారిలో ఎక్కడ మనసైతే అక్కడ ఆగడం. వెదురు గొట్టాల్లో అన్నం కాలుస్తుంటే దిగి తింటారు, వరికోతలు కనిపిస్తే గట్టు మీద కూర్చుంటారు. అలాంటి యాత్రకు నిదానమే ప్రధానం కదా, ఖమాయ్ పెదనాన్నకంటే నిదానస్తుడు ఆ కంపెనీలో లేడు. ఈమధ్య మరీ నిదానించాడు. అందరికీ అదీ నచ్చింది.

అందరికంటే ఎక్కువ నచ్చింది అన్నెకె అనే హాలండు ఆవిడకు. భర్త కారు ప్రమాదంలో పోయాక ఆవిడ ఇల్లు కదలడం ఇదే మొదలు. మొదటి రోజు ముందుసీటును రెండు చేతులా పట్టుకుని కూర్చున్న మనిషి, ఆరో రోజుకల్లా బండి కదలగానే నోరు తెరుచుకుని నిద్రపోవడం మొదలుపెట్టింది. ఈయన వెనక కూర్చుంటే తనకు భయం వెయ్యడం లేదని చెప్పమంది. నువన్ చెప్పింది. పెదనాన్న చెవులు ఎర్రబడ్డాయి.

ఆయన నువన్‌కు సొంత పెదనాన్న కాదు. తొమ్మిదేళ్ళ కిందట ఆమె ఉద్యోగంలో చేరిన వారంలోనే లంపాంగ్ సంతలో ఇద్దరు అతిథులను పోగొట్టుకుని బండి చాటున కూర్చుని ఏడుస్తుంటే, ఆయనే గంటసేపు తిరిగి వాళ్ళను పట్టుకొచ్చాడు. ఆఫీసువాళ్ళు ఆలస్యమెందుకైందని నిలదీస్తే టైరు పంచరైందని అబద్ధమాడాడు. ఆ రోజునుంచి ఆమె ఆయనకు సగం కూతురు.

ఆ పొద్దున ఫ్రే ఊళ్ళో అల్లం వేసిన బియ్యపు జావ తాగి, నాన్ ఊరి వైపు కొండదారి పట్టారు. మబ్బు పట్టి చల్లగా ఉంది. నాలుగో మలుపులో ఎడమ పక్క దారితాత గుడి ఉండేది. కొండను కాచే తాతకు ఆ దారిన పోయే ఏ డ్రైవరైనా మూడుసార్లు హారన్ కొట్టి దణ్ణం పెట్టాల్సిందే. మలుపు రాగానే పెదనాన్న మూడుసార్లు కొట్టి, ఒక చెయ్యి చక్రం మీదే ఉంచి రెండోది నుదుటికి ఎత్తాడు. వెనకవాళ్ళంతా ఆయన నేర్పినట్టే చేతులు జోడించారు.

నువన్ కూడా చెయ్యి ఎత్తబోయి ఆగిపోయింది. అక్కడ గుడి లేదు. యంత్రాలు కోసేసిన ఎర్రమట్టి గట్టు మాత్రం ఉంది. దారి వెడల్పు చేస్తూ వానాకాలంలో గుడిని కొండ నెత్తికి, కుడి పక్కకు మార్చారు. చెల్లెలి కాన్పుకని బస్సులో పోతూ ఆమె అదంతా కళ్ళారా చూసింది. ఈ సీజన్‌లో తనను వేరే దారికి వేయడంతో ఇటువైపు ఆయనతో రావడం ఇదే మొదటిసారి.

ఆయన ఖాళీ గట్టుకు దణ్ణం పెడుతుంటే ఆమె ఆయన కళ్ళ వైపు చూసింది. ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. చదువుకున్నదానివి, ఆ బోర్డు మీద ఏముందో చెప్పు అని వేళాకోళంగా అడగడం. టీ గ్లాసులో పొయ్యబోయి బల్ల మీద పొయ్యడం. పొద్దు వాలకముందే బండి పెట్టెయ్యడం. నిదానం అనుకుని అందరూ మెచ్చుకున్నది నిదానం కాదు. ఆయన చూపుతో కాదు, జ్ఞాపకంతో తోలుతున్నాడు. ఆ దారి ఆయనకు కంఠతా వచ్చు, నిజమే. కానీ ఎదురుగా వచ్చే లారీలను ఎవరూ కంఠతా పట్టలేరు.

కొండ నెత్తికి ఇంకాస్త దూరముందనగా కాఫీ పాక దగ్గర ఆగారు. అతిథులు కాల్చిన అరటిపళ్ళ చుట్టూ మూగారు. నువన్‌కు ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆఫీసుకు ఫోన్ చేస్తే వేరే డ్రైవరును పంపిస్తారు, పెదనాన్న పేరు సాయంత్రానికల్లా అందరి నోళ్ళలోనూ నలుగుతుంది. ఊరుకుంటే నెత్తి దాటాక లోయలోకి ఇరవై రెండు మలుపులున్నాయి. రెండేళ్ళ కిందట ఆయనే వెంటపడి ఆమె చేత టూరిస్టు బండి లైసెన్సు తీయించాడు. అదెందుకో ఆమెకు ఇప్పుడు తెలిసింది.

ఆయన దూరంగా బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ఆమె వెళ్ళి, బండి తోలే అలవాటు తప్పిపోతోందనీ, ఇక్కణ్ణుంచి తను నడుపుతాననీ అంది.

"ఎనిమిదిమందిని పెట్టుకుని ఈ కొండ మీదా నువ్వు నేర్చుకునేది? హోటల్‌కి చేరాక ఆవరణలో తిప్పుకో పో. కోళ్ళు జాగ్రత్త."

అలవాటుకొద్దీ ఆమెకు నవ్వొచ్చింది. నవ్వాక ఇంక ఆగితే చెప్పలేనని తెలిసింది.

"పెదనాన్నా, గుడి అక్కడ లేదు."

"ఏ గుడి?"

"తాతగారిది. వానాకాలంలోనే తీసేశారు. ఇందాక మీరు దణ్ణం పెట్టింది మట్టిగట్టుకి."

ఆయన గ్లాసు దించాడు. దించేముందు రెండో చేత్తో బల్ల అంచు తడుముకున్నాడు. "ఎండ కళ్ళల్లో పడింది" అన్నాడు.

పొద్దుటినుంచీ మబ్బే. పెద్దవాడు అబద్ధమాడితే మొహమ్మీద కాదనడం ఆమె ఎరగదు. తల దించుకుని నిలబడింది.

"ఈ సీజన్‌లో ఇది నాలుగోసారి" అన్నాడాయన. "నాలుగుసార్లూ మట్టికే మొక్కానన్నమాట. తాత ఏమనుకున్నాడో పాపం." తర్వాత గొంతు తగ్గించి, ఈ ఒక్క సీజనూ కానిచ్చి చెప్పేద్దామనుకున్నాననీ, పోయినేడు కూడా అలాగే అనుకున్నాననీ చెప్పాడు.

నువన్‌కు జాలీ కోపమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. "అన్నెకెగారు మీ వెనక నిద్రపోతోంది పెదనాన్నా" అంది.

దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. ఆయన జేబులోంచి తాళం చెవి తీసి బల్ల మీద పెట్టి, ఆమె వైపు జరిపాడు.

"లోయ దాకానే. మోకాలు నొప్పిగా ఉందని చెప్పు వాళ్ళకి."

అలాగే చెప్పింది. అందరూ అయ్యో అన్నారు. అన్నెకె మాత్రం కొత్త చేతులు చక్రం మీద చూసి, ముందుసీటును మళ్ళీ రెండు చేతులా పట్టుకుంది. నువన్ అద్దం దగ్గర వేలాడే మల్లెదండ వైపు తిరిగి బండిని కాచే అమ్మవారికి దణ్ణం పెట్టుకుని బయలుదేరింది.

పక్కసీటులో పెదనాన్న కుదురుగా కూర్చోలేదు. ఎడమకు, ఇంకా, ఇంకా, ఇప్పుడు గేరు తగ్గించు, పట్టెయ్యకు బ్రేకుని, అది నీ మొగుడి గొంతు కాదు అంటూ సాధిస్తూనే ఉన్నాడు. ఒక్క మలుపూ తప్పు చెప్పలేదు. ఒకచోట ఎదురుగా ఇసుక లారీ మలుపు మింగేస్తూ వచ్చింది. నువన్ అంచుకు తప్పుకుని ఆగింది. లారీ పక్కనుంచి గాలి కొట్టుకుంటూ పోతుంటే గానీ అది వచ్చిందని ఆయనకు తెలియలేదు. ఆ తర్వాత సాధించడం మానేశాడు.

కొండ నెత్తిన కుడి పక్క కొత్త గుడి కనిపించింది. ఎర్ర కప్పు, మెట్ల నిండా సున్నపు కోడిపుంజు బొమ్మలు, భక్తులు మూతలు తీసి పెట్టిన ఎర్ర సోడా సీసాలు. నువన్ వేగం తగ్గించి మూడుసార్లు హారన్ కొట్టింది.

పెదనాన్న చేతులు రెండూ జోడించి పైకెత్తాడు. ఎడమకు తిరగబోయి ఆగాడు. ఎత్తిన చేతులు ఎటు చూపించాలో తెలియక అలాగే నిలిచిపోయాయి.

"ఏ వైపమ్మా?" అని అడిగాడు.

నువన్ దారి మీదనుంచి కళ్ళు తిప్పలేదు. "కుడివైపు పెదనాన్నా" అంది.

ఆయన కుడివైపుకు తిరిగి తల వంచాడు. వెనక అందరూ చేతులు జోడించారు. అన్నెకె కూడా సీటు వదిలి జోడించింది. ఆ తర్వాత ముందుకు వంగి, ఆయన ఏమన్నాడని నువన్‌ను అడిగింది.

తొమ్మిదేళ్ళుగా ఆయన నోటినుంచి వచ్చిన ప్రతి మాటా అతిథులకు ఇంగ్లీషులో చెప్పింది నువన్. ఇప్పుడు మాత్రం మోకాలు ఇంకా నొప్పిగానే ఉందన్నాడని చెప్పింది.