ఖాళీ డిక్కీ

మా కారుకు పట్టిన జబ్బుకు మూలం మా తల్లిగారిల్లు. కరీంనగర్ నుంచి బోథ్‌కు పోయేటప్పుడు డిక్కీలో అరకిలో మిఠాయి డబ్బా, మడతపెట్టిన ఖాళీ గోనెసంచులు మాత్రమే ఉంటాయి. తిరిగి వచ్చేటప్పుడు ఆ సంచుల నిండా జొన్నలు, కందులు, మిరపకాయలు, ఇంకా నన్ను కన్న మా అవ్వ సత్తమ్మకు ఆ పూట ఏది కనిపిస్తే అది. కారు వెనుక భాగం నడుం విరిగిన బర్రెలా కూలబడి, ప్రతి స్పీడ్ బ్రేకర్‌కూ గీసుకుంటూ ఇల్లు చేరేది.

దీనికి మందు వేయించాలని మా ఆయన సుధాకర్ పోయిన నెలలో తీర్మానించాడు. ఎనిమిదేళ్ళు ఒమన్‌లో నీళ్ళ ట్యాంకర్ నడిపి వచ్చిన మనిషి. అక్కడి రోడ్లు గీత గీసినట్టు ఉంటాయట. మలుపు అనేది ఒకటి వస్తే దాని గురించి వారం రోజులు చెప్పుకునేవారట. బండ్ల గురించి ఆయన మాట్లాడుతుంటే మధ్యలో అడ్డం రావడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు.

మెకానిక్ మల్లేష్ షెడ్డు కూరగాయల మార్కెట్ పక్కనే కాబట్టి ఆ రోజు నేనూ వెంట పోయాను. మల్లేష్ కారు కింద దూరి, బయటికి వచ్చి, గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"అన్నా, నా మాట ఇంటే నాలుగు షాకబ్జర్లు కొత్తయి వేసుకో. ఉన్నవాట్ల పానం లేదు, నూనె కారుతున్నయ్. లేదంటవా, వెనుకకు మందం స్ప్రింగులు వేస్త. ఇంకా లేవాలె అంటే స్ప్రింగు చుట్ల నడుమ రబ్బర్లు పెడ్త."

"మందం స్ప్రింగులు వెయ్యి. రబ్బర్లు గూడ పెట్టు," అన్నాడు మా ఆయన. "షాకబ్జర్లు మల్ల చూద్దాం."

"ఖాళీగ పోయేటప్పుడు జర ఎగిరెగిరి పడ్తది మల్ల."

"రెండు క్వింటాళ్ళు మోసే బండిరా ఇది. ఖాళీ ముచ్చట ఎందుకు?"

నేను డిగ్రీలో ఫిజిక్స్ చదివాను. పెళ్ళయ్యాక ఆ చదువును ప్రెషర్ కుక్కర్ దగ్గర తప్ప వాడింది లేదు. అయినా, రెండు క్వింటాళ్ళ కోసం బిగించిన స్ప్రింగు అరకిలో మిఠాయికి వంగదని చెప్పడానికి డిగ్రీ అక్కర్లేదు. వంగని స్ప్రింగు మీద చక్రం గతుకును తాకి పైకి ఎగురుతుంది. ఎగిరినంతసేపు దానికీ రోడ్డుకూ చుట్టరికం ఉండదు. ఆ ఎగురుడును పట్టి ఆపాల్సిన షాకబ్జర్లేమో ప్రాణం లేనివాయె. ఈ మాటలన్నీ నోటి దాకా వచ్చాయి. వంకాయల సంచి ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుని ఊరుకున్నాను.

శనివారం పొద్దున బయలుదేరాం. సన్నటి ముసురు. వెనుక సీట్లో మా బిడ్డ భవ్యశ్రీ, తొమ్మిదేళ్ళది. జగిత్యాల దాకా స్పీడ్ బ్రేకర్ దాటిన ప్రతిసారీ మా ఆయన "చూసినవా? తాకలే" అనడం, వెనుక నుంచి "బాపూ, నేను ఎగురుతున్న" అని అది అరవడం. నేను కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నాను.

నిర్మల్ దాటాక ఆయన పెద్ద రోడ్డు వదిలేశాడు.

"ఇటెందుకు?" అన్నాను.

"పెద్ద రోడ్డు మీద స్ప్రింగుల సంగతి ఏం తెలుస్తది? పాత ఘాటు రోడ్డు మీదికెళ్ళి పోదాం."

ఘాటు ఎక్కడం బాగానే సాగింది. ఎక్కి, మళ్ళీ దిగే చోట మొదలైంది. మలుపులో తారు లేచిపోయి అలలు అలలుగా ఉంది, దాని మీద వాననీళ్ళు. ఆయన స్టీరింగ్ తిప్పాడు. కారు ముందు భాగం తిరిగింది. వెనుక భాగం మాత్రం రెండుసార్లు ఎగిరి, మాతో సంబంధం లేనట్టు లోయ వైపు జరిగింది. అటు పక్కన కూలిపోయిన పిట్టగోడ, దాని కింద టేకు చెట్ల తలలు. భవ్యశ్రీ తల కిటికీ అద్దానికి టప్పున తగిలింది.

కారు తనంతట తానే మళ్ళీ దారిలోకి వచ్చింది. మేము తెచ్చింది కాదు.

"ఆయిల్ పడ్డట్టున్నది," అన్నాడు ఆయన.

ఆయిలూ లేదు, ఏమీ లేదు. తరువాతి మలుపులో మళ్ళీ జరిగింది. ఈసారి ఇంకొంచెం ఎక్కువ. ఆయన గబుక్కున బ్రేక్ మీద నుంచి కాలు తీశాడు. నా కాళ్ళు మాత్రం నా వైపు లేని బ్రేకును తొక్కుతూనే ఉన్నాయి.

"జర మెల్లగ పో."

"మెల్లగనే పోతున్న. ఫికర్ చెయ్యకు."

ఫికర్ చెయ్యవద్దని చెప్పిన గొంతులోనే ఫికర్ వినిపించింది. ముందుకు చూస్తే రోడ్డు పాములా దిగుతోంది. ఎన్ని మలుపులో లెక్కపెట్టడం మొదలుపెట్టి, ఆరు దగ్గర ఆపేశాను. వెనక్కి తిరిగి చూశాను. సరిగ్గా ఆ స్ప్రింగుల మీదే కూర్చుంది బిడ్డ. రెండు చేతులతో సీటును పట్టుకుని, ఏమీ మాట్లాడడం లేదు. మాట్లాడని భవ్యశ్రీని నేను జ్వరంలో తప్ప చూడలేదు.

"బండి ఆపు."

"ఘాటు నడుమ ఏడ ఆపుత?"

"నాకు కక్కు వస్తున్నది."

మా ఆయన లోయకు బెదరడు గానీ కొత్త సీటు కవర్లకు బెదురుతాడు. వెడల్పుగా ఉన్న చోటు చూసి వెంటనే ఆపాడు. అక్కడ రోడ్డు మరమ్మతు కోసం పోసిన కంకర కుప్ప ఉంది.

దిగాను. కారు పట్టుకుని డిక్కీ దాకా పోయి, గోనెసంచులు తీసి, కుప్ప దగ్గర కూర్చుని చేతులతో కంకర నింపడం మొదలుపెట్టాను.

"ఏం జేస్తున్నవ్? పిచ్చిగిట్ల లేసిందా నీకు?" అన్నాడు వానలో నిలబడి.

"లోడు వేస్తున్న. నీ స్ప్రింగులు లోడుకే కదా వేయించినవ్?"

"సర్కారు కంకర అది!"

"పోలీసోళ్ళు వస్తె మంచిగనే ఉంటది. వాళ్ళ జీపుల పోదాం."

ఆయన కారు వెనుకకు వచ్చాడు. డిక్కీ అంచు మీద రెండు చేతులూ ఆనించి, ఒళ్ళంతా వేసి అదిమాడు. కారు వేలెడు కూడా దిగలేదు. ఇంకోసారి అదిమాడు. కిటికీ లోంచి భవ్యశ్రీ నుదురు రుద్దుకుంటూ తండ్రినే చూస్తోంది. ఆయన వచ్చి నా చేతిలోని సంచి తీసుకున్నాడు. నాలుగు సంచులు సగం సగం నింపి, కదలకుండా ఒకదానికొకటి ఆనించి పెట్టాం. బిడ్డను సీటు నడుమకు జరిపి బెల్టు పెట్టాడు. నా గోళ్ళ సందుల్లో రక్తం ఉందని అప్పుడు చూశాను.

రెండో గేరులో దిగడం మొదలుపెట్టాం. గతుకు మీద వెనుక భాగం ఇప్పుడు ఎగరలేదు, మూలుగుతూ కిందికి దిగి లేచింది. కాస్త ఊపిరి తీసుకున్నాను. అదే తప్పు. నాలుగో మలుపులో ఎదురుగా లారీ, రోడ్డంతా తనదే అన్నట్టు ఎక్కి వస్తోంది.

ఆయన కారును రోడ్డు అంచుకు తిప్పాడు. ఎడమ చక్రాలు తారు దిగి బురద రాళ్ళ మీదికి పోయాయి. నా కిటికీ కింద రోడ్డు లేదు, ఆకులు ఉన్నాయి. వెనుక భాగం జారడం నా నడుముకు తెలిసింది. జానెడు జారింది. అంతే, కూర్చుండిపోయినట్టు ఆగింది. లారీ మా అద్దానికి చెయ్యంత దూరంలో పోయింది. కళ్ళు మూసుకుందామనుకున్నాను. మూసుకుంటే బిడ్డ కనిపించదని మూసుకోలేదు.

ఘాటు అయిపోయి చదును నేల వచ్చాక, ఎవరూ అడగకుండానే ఆయన కారు పక్కకు ఆపాడు. ఇంజను బంద్ చేశాడు గానీ స్టీరింగ్ వదలలేదు.

"నాకు భయమైంది, వినోదా," అన్నాడు. పదకొండేళ్ళ కాపురంలో ఆ మాట వినడం అదే మొదలు.

"నాకు గూడ."

ఆయన నా వైపు తిరిగాడు. "ఖాళీగుంటె గిట్లయితదని నీకు ముందే ఎరుకనా?"

"ఎరుకే."

"మరి షెడ్డుల ఎందుకు చెప్పలే?"

చెప్పినా నువ్వు వినవు కదా అనవచ్చు. సగం నిజమే అవుతుంది. వెనుక సీట్లోంచి "అమ్మా, బొప్పి కట్టింది" అని భవ్యశ్రీ నా వేలు పట్టి తన నుదుటి మీద పెట్టుకుంది. వేలి కింద ఉసిరికాయంత గట్టిగా తగిలింది. మిగతా సగమే చెప్పేశాను.

"స్పీడ్ బ్రేకర్ కాడ నీ తల పైకప్పుకు తాకుతె, నేను అప్పుడే అనుకున్న అని నవ్వుదామని చూసిన. అందుకే చెప్పలే."

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. జేబులోంచి ఫోన్ తీసి, మల్లేష్‌కు కలిపి, నా చేతిలో పెట్టాడు.

"నువ్వే చెప్పు. నేను మాట్లాడ."

"మల్లేష్, నేను వినోదక్కను. పాత స్ప్రింగులు పడేసినవా?"

"లేదక్కా, ఉన్నయ్. ఏమైంది?"

"సోమవారం వస్తం, పెద్ద రోడ్డు మీదికెళ్ళి. మందంవి తీసేసి పాతయి వెయ్యి. రబ్బర్లు తియ్యి. నాలుగు షాకబ్జర్లు కొత్తయి తెప్పించి పెట్టు."

"సరే అక్కా. మరి బండిల లోడు ఎంత అనుకోవాలె?"

వెనుకకు చెయ్యి చాపి బిడ్డ మోకాలు పట్టుకున్నాను.

"ముగ్గురం మనుషులం, మల్లేష్. ముందుగాల మేము ముగ్గురం ఇంటికి చేరాలె. దానికి ఏది మంచిదో అది వెయ్యి."