తెల్లద్రాక్షకి నల్లద్రాక్ష మర్యాద

గరిటె కుడివైపు తిప్పాలని ఎలిశబెతమ్మ, కాదు ఎడమవైపని ఆమె భర్త హెబ్రోను పట్టుబట్టి కూర్చుని పావుగంట దాటింది. ఇద్దరి మధ్యా జాడీ ముందు పీట వేసుకున్న కోడలు డెబోరా, కొయ్యగరిటె కదపకుండా తీర్పు కోసం చూస్తోంది.

"ముప్పయ్యేళ్లుగా తిప్పింది నేను. నీకేం తెలుసయ్యా" అంది ఎలిశబెతమ్మ, కట్టు కట్టిన కుడిచేతిని ఒళ్లో సర్దుకుంటూ.

"తిప్పింది నువ్వే. తాగి చూసింది నేను గదా" అన్నాడు హెబ్రోను.

ఒకరోజు కుడికి, మర్నాడు ఎడమకి తిప్పుతానని డెబోరా రాజీ కుదిర్చింది. జాడీకి అంటించిన కాగితం మీద తేదీ పక్కన ఆ సంగతి కూడా రాసింది. పంచదారను సైతం గుప్పిళ్లతో కాక తూకంతో వేసే మనిషి ఆమె.

మనుబోలులో వాళ్ల చర్చి సంఘానికి ఈస్టరునాడు ప్రభువు బల్ల దగ్గర చిన్న కప్పుల్లో అందించే ద్రాక్షారసం ఎలిశబెతమ్మ జాడీ నుంచే వెళుతుంది. ఈ ఏడు ఆమె బాత్రూంలో జారి చెయ్యి విరగ్గొట్టుకోవడంతో గరిటె కోడలికి వచ్చింది. కానీ క్వయర్ నడిపే పుష్పకుమారి కన్ను ఎప్పటినుంచో ఆ గరిటె మీదే ఉంది. "డెబోరాకి చేతగాకపోతే చెప్పండి వదినా, నేను లేనా" అని ఇప్పటికి మూడుసార్లు అనేసింది. ఒక్కసారి ఆ పని ఆమె ఇంటికి వెళితే ఇక వెనక్కి రాదు. అది తలచుకుంటే డెబోరాకు ముద్ద దిగేది కాదు.

చిక్కంతా ద్రాక్షతోనే వచ్చింది. "గింజలున్నవి తీసుకురండి" అని మాత్రమే డెబోరా తన భర్త ఫ్రెడ్డీకి చెప్పింది. ఆ ఇంట్లో జాడీలోకి వెళ్లే ద్రాక్ష అంటే నల్లదే, విడిగా చెప్పాలని తోచలేదు. ఫ్రెడ్డీ కృష్ణపట్నం పోర్టులో డ్యూటీ దిగి వస్తూ, హైవే పక్కన ఆగిన వ్యాను దగ్గర గుత్తికో పండు కొరికి, గింజ ఉందని తేల్చుకుని మరీ పది కిలోలు కొనుక్కొచ్చాడు. అంతా తెల్లద్రాక్ష.

"చూడు, గింజ" అన్నాడు, ఒకటి అరచేతిలోకి ఉమ్మి.

అప్పటికి వ్యాను ఏ నాయుడుపేట దాటిందో. పండుగకు నాలుగు వారాలే ఉంది, జాడీలో ఊరడానికే మూడు వారాలు కావాలి. డెబోరా ఇంటి పద్ధతి ఒక్క మెట్టు కూడా తప్పకుండా పండ్లు కడిగి, ఆరబెట్టి, చేత్తో నలిపి, తొక్కలూ గింజలతో సహా జాడీలో వేసి గుడ్డ కట్టింది. రోజూ పొద్దున కుటుంబ ప్రార్థన కాగానే, పైకి తేలిన తొక్కలను గరిటెతో కిందికి నొక్కి తిప్పింది. అలా ఇరవై ఒక్క రోజులు.

ఈస్టరుకు ముందువారం వచ్చే మట్టల ఆదివారానికి ముందురోజు వడకట్టింది. గిన్నెలోకి దిగింది ఎరుపు కాదు, తెలుపూ కాదు. తోమి ఎండలో పెట్టిన ఇత్తడి చెంబు రంగు.

ఎలిశబెతమ్మ వంగి చూసింది. "ఏందమ్మే, టీ కాచినావా? బీట్‌రూట్ ఉడకేసి ఆ నీళ్లు రెండు గరిటెలు పొయ్యి. ఎవరికీ తెలవదు."

"దేవుడికి తెలుస్తుంది గదా అత్తమ్మా."

"ఆయన ఎవరికీ చెప్పడులే."

డెబోరా ఫోన్ తీసి, నాసిక్‌లో వైన్ కంపెనీలో పనిచేసే కాలేజీ స్నేహితురాలు రేవతికి వీడియో కాల్ చేసింది. గిన్నె చూడగానే రేవతి ముఖం తెరంతా నిండిపోయింది.

"ఎట్ట చేసినావే దీన్ని?"

"తప్పుగా."

"తప్పేం కాదు. తెల్ల వైన్ చేసేవాళ్లు రసం పిండగానే తొక్కలు పారేస్తారు. ఎర్రదానికే ఉంచుతారు. రంగూ వగరూ తొక్కల్లోనే ఉండేది. నువ్వు తెల్లద్రాక్షకి నల్లద్రాక్ష మర్యాద చేసినావు, అంతే. దీన్ని ఆరెంజ్ వైన్ అంటారు."

"నారింజకాయ ఒక్కటి కూడా వెయ్యలేదే."

"రంగుని బట్టి ఆ పేరు. జార్జియా దేశంలో పెద్ద పెద్ద మట్టి జాడీలు నేలలో పాతిపెట్టి, వేల ఏళ్లుగా ఇట్టనే చేస్తన్నారు. మరీ చల్లగా పెట్టబాకు, రుచి మూసుకుపోద్ది. పులుసుకీ కారానికీ బాగా తట్టుకుంటది."

డెబోరా చెంచాతో నాలుక మీద వేసుకుంది. ముందు పులుపు, వెనకే ఎండబెట్టిన పండు వాసన, చివర్లో జామాకు నమిలినట్టు చిగుళ్లను పట్టుకునే వగరు. ఎలిశబెతమ్మ కూడా పరీక్షకని ఒక చెంచా పుచ్చుకుంది. మొదటిది సరిగా తెలియలేదంది. అయిదో చెంచాకి గరిటె విషయంలో భర్త మాట కూడా కొంత నిజమేనంది. ఎనిమిదో చెంచాకి పెళ్లినాటి సంగతులు ఎత్తుకుని, చెప్పబోయే మాటకు ముందే తానే నవ్వి, కట్టు చేత్తో కళ్లు తుడుచుకుంది.

"వందనాలు వదినా, రంగు రాలేదంట గదా" అంటూ పుష్పకుమారి అప్పుడే గుమ్మంలోకి వచ్చింది. అర గ్లాసు తాగింది. ఇంకో అర అడిగింది. ఈస్టరుకు ముందు ఉపవాసాలుండే శ్రమకాలం ఇంకా వారం ఉండగానే పునరుత్థాన కీర్తన ఎత్తుకుంది. శ్రుతి మాత్రం తప్పలేదు. వెళ్లేముందు చెప్పులు వెతుక్కుంటూ, "రుచి బ్రహ్మాండం. కానీ బల్ల మీద ఎరుపు లేకపోతే సంఘం ఒప్పుకోదమ్మా. మా ఇంట్లో నల్లద్రాక్షది ఒక సీసా సిద్ధంగా ఉందిలే" అంది.

డెబోరా నవ్వు అక్కడే ఆగిపోయింది.

మర్నాడు ఆరాధన నుంచి వచ్చి నలుగురూ భోజనానికి కూర్చున్నారు. మామిడికాయ వేసిన చేపల పులుసు, పక్కన స్టీలు గ్లాసుల్లో తలా కాస్త ఇత్తడి రంగు రసం. సంఘపెద్ద అయిన హెబ్రోను ఒక ముద్ద, ఒక గుక్క, మళ్లీ ఒక ముద్ద తిని, అభిప్రాయం చెప్పకుండానే గ్లాసు ముందుకు జరిపాడు. ఫ్రెడ్డీ నింపాడు.

"సాయంత్రం పెద్దల మీటింగు" అన్నాడు హెబ్రోను. "బల్లకి ఏం పెడతన్నామో చెప్పాల."

"రంగు కలపను మామయ్యా" అంది డెబోరా. "ఉన్నది ఉన్నట్టు పెడతాను. వద్దంటే గరిటె పుష్పకుమారక్కకి ఇచ్చెయ్యండి."

ఎలిశబెతమ్మ ఎడమచేత్తో పట్టుకున్న చెంచా కింద పెట్టి, గ్లాసులో మిగిలింది నిదానంగా పూర్తి చేసింది.

"ఈస్టరు బల్లకి ఇదే పోతాది" అంది. "బీట్‌రూట్ మాట నేను వెనక్కి తీసుకుంటన్నా. ఆరాధన మొదలుకాక ముందే లేచి నిలబడి సంఘానికి చెప్పేది కూడా నేనే. మా ఇంటికి ఈసారి తెల్లద్రాక్ష వచ్చింది, నా కోడలు దాన్ని తక్కువ చేసి చూడలేదు అని చెప్తా. ఇంకోటి వినండి. నా చెయ్యి బాగైనా సరే, వచ్చే ఏడు నుంచి గరిటె డెబోరాదే."