గట్టు మీద ఒడి

నకరికల్లుకు పడమట ప్రభాకరరావు చేలో మిరపపండ్ల కోతకు రెండు జట్లు దిగాయి. ఒకటి ఊరి ఆడవాళ్లది. రెండోది కర్నూలు జిల్లా కోసిగి నుంచి లారీలో వచ్చినవాళ్లది. ఆ జట్టుకు పెద్ద ఎస్తేరు. ఎనభై ఆరో సంవత్సరం అది. కోసిగిలో వానల్లేవు.

సాయంత్రం ఊరివాళ్లు చేను దిగి నేరుగా ఇళ్లకు పోయేవాళ్లు. కోసిగివాళ్లు మాత్రం గట్టు మీద ప్రభాకరరావు ఎదుట ఒడి దులిపి పోవాలి.

"వలసోళ్ల చెయ్యి ఊరుకోదు," అనేవాడాయన, వాళ్లు వింటుండగానే.

కూలి పోతే ఇంటి దగ్గర పొయ్యి వెలగదు. ఎస్తేరు దులిపేది.

ఒకనాడు ఆయన కళ్లంలో రాశి చూసి వచ్చాడు. "కాయ తగ్గతంది. రేపట్నుంచి కొప్పులు కూడా విప్పి చూపించాల."

ఎస్తేరు గట్టు మీద కూర్చుంది. ఆమె వెనక జట్టంతా కూర్చుంది.

"కొప్పులు విప్పంప్పా. ఇంక ఒడి కూడా దులపం. సూసేదుంటే కోసేటోళ్లందరిదీ సూడు."

"ఊరోళ్లనెట్టా అడుగుతానే? పొండి మీ ఊరికి."

పోవడానికి లారీ కిరాయి లేదని ఎస్తేరుకు తెలుసు. తూర్పున మబ్బు పట్టింది. తడిస్తే పండు మచ్చ పడుతుందని, ఊరి జట్టు ఒక్కదానితో కోత ముగియదని ప్రభాకరరావుకు తెలుసు. ఇద్దరూ కదల్లేదు.

ఊరి జట్టులో పెద్దది ఆరోగ్యమ్మ. దారిన పోతున్నదల్లా వెనక్కి వచ్చింది. "ఏంది నాయనా, ఏం పోయింది?"

"కాయ పోతంది. ఈళ్లే."

ఆరోగ్యమ్మ ఒడి విప్పింది. దోసెడు పండుమిరపకాయలు గట్టు మీద పడ్డాయి.

"పోయేది ఇక్కడికి. మీ నాయన నాటినుంచీ కోతకొచ్చినోళ్లు పచ్చడికి దోసెడు తీసకపోతన్నాం. ఈళ్లకి ఆ సంగతి చెప్పినోడు లేడు. ఒట్టి ఒడితో పోయేవోళ్లనా నువ్వు దులిపించేది?"

"ఆ ఆనవాయితీ ఊరోళ్లకి."

"కోసేవోళ్లకి. నేనేడ ఊరిదాన్ని? ఎడ్లపాడు నుంచి కాపురానికొచ్చా. నన్నెప్పుడన్నా దులపమన్నావా?"

ఆమె వెంట వచ్చిన ఊరి ఆడవాళ్లలో ఎవరో నవ్వారు. ప్రభాకరరావు మబ్బువైపు చూశాడు.

"రేపు పొద్దున్నే రండి. ఒడి దులిపే పని లేదు."

జట్టులో కొందరు లేవబోయారు. ఎస్తేరు చెయ్యి అడ్డం పెట్టింది.

"దొంగలంటివి గదప్పా. ఆ మాట?"

"తప్పన్నాలే," అన్నాడు గట్టువైపు చూస్తూ.

"గట్టుకు గాదు. మాకు సెప్పు."

ఆయన తల ఎత్తాడు. ఎస్తేరును చూశాడు, ఆమె వెనక ఉన్నవాళ్లను చూశాడు. "దొంగలన్నది తప్పు. మీ దగ్గరేం దొరకలా."

ఎస్తేరు లేచింది. కళ్లంలోకి నడిచి, రాశిలోంచి దోసెడు తీసి ఒళ్లో వేసుకుని కొంగు బిగించింది. ఒకరి తరవాత ఒకరు జట్టంతా వేసుకున్నారు. ప్రభాకరరావు గట్టు దిగి దారి ఇచ్చాడు.

చీకటి పడకముందే ఆరోగ్యమ్మ వాకిట్లో రోలు కడిగారు. వంతుకొకరు రోకలి అందుకున్నారు. ఘాటు వీధంతా పాకింది.

"ఏమే ఎస్తేరూ, ఉప్పు చింతపండు ఎయ్యకుండా దంచతన్నావా ఏంది? ఊరు ఊరంతా తుమ్మతంది," అంది ఆరోగ్యమ్మ.

"తుమ్మనీ పెద్దమ్మా," అని ఎస్తేరు రోకలి ఇంకాస్త పైకెత్తింది.