పెద్దాయన చెంచా ఎత్తేదాకా

కెప్టెన్ గారి మెడ వెనక జుట్టు ఒక పక్క ఎక్కువ కోశారు, జైల్లో మంగలి పని ఇంతే కాబోలు, అని ప్యో సాంగ్‌హ్యోన్ అనుకుంటుండగానే ఆ మెడ వంగింది, తర్వాత నడుం వంగింది, చచ్చేంత పాపం చేశాను, ఇంతకన్నా మాట్లాడే అర్హత నాకు లేదు, అన్న మాట మోక్పో కోర్టు హాలంతా వినబడింది, వెనక బెంచీల్లోంచి ఒకాయన, నడుం బాగానే వంచుతున్నారయ్యా, ఓడ వదిలి పారిపోయిన రోజు కాళ్ళు ఇంకా బాగా పనిచేశాయి, అన్నాడు, జడ్జి విని కూడా ఊరుకున్నాడు, తీర్పుకు ముందు ముద్దాయిలు చివరి మాట చెప్పుకునే రోజు కదా, ఎవరి నోరు మూయిస్తాడు, కెప్టెన్ తర్వాత చీఫ్ మేట్, ఆ తర్వాత సెకండ్ మేట్ అయిన తను, ఇక్కడా హోదా వరసే, ఓడలో భోజనాల బల్ల దగ్గర కూర్చున్న వరసే.

తను చెప్పాల్సింది ఎంతో లేదు, లాయరు ఛే గారు పొద్దున్న కూడా కుర్చీ దగ్గరికి లాక్కుని మరీ చెప్పాడు, చూడండి ప్యో గారూ, కెప్టెన్ దగ్గర్నుంచి ఆర్డరు రాలేదు, ఆర్డరు కోసం చూశాను, అంతే, ఏడుపొస్తే ఏడవండి, కొత్త మాట మాత్రం ఒక్కటీ వద్దు, జనం చచ్చిపోతారని తెలిసే వదిలేశారని జడ్జికి అనిపిస్తే అది హత్య, లేదంటే నిర్లక్ష్యం, ఆ రెంటికీ మధ్య మీ ఆయుష్షులో సగం ఉంది, అన్నాడు, అందులో అబద్ధమేముంది, ఆర్డరు నిజంగానే రాలేదు, ఓడ ఒరిగిపోయి గోడలు నేలలైపోయినప్పుడు తను ఒక చేత్తో బల్ల అంచు పట్టుకుని, ఇంకో చేత్తో వాకీటాకీ పట్టుకుని వేలాడుతున్నాడు, కింద ప్రయాణికుల గదుల దగ్గర్నుంచి, వాళ్ళను చూసుకునే సిబ్బందిలో పిల్ల నామ్ యేసుక్ గొంతు, సెకండ్ మేట్ గారూ, జనాన్ని బయటికి పంపమంటారా, లోపలే ఉండమంటారా, అందరూ నన్నే అడుగుతున్నారు, తను కెప్టెన్ వైపు చూశాడు, కెప్టెన్ కిటికీలోంచి నీళ్ళవైపు చూస్తున్నాడు, సెకండ్ మేట్ గారూ వినబడుతోందా అని మళ్ళీ అడిగింది, తను మళ్ళీ కెప్టెన్ వైపే చూశాడు, పోలీసులకు ఇంతవరకూ చెప్పాడు.

చీఫ్ మేట్ లేచాడు, ఏడుస్తున్నాడు, పాపం ముక్కు తుడుచుకోవడానికి కూడా కాపలావాళ్ళను అడిగేట్టున్నాడు, ఈయనే కదా భోజనాల గదిలో, కెప్టెన్ గారు చెంచా ఎత్తేదాకా ఎవరూ గిన్నె ముట్టుకోకండి, అని కొత్తవాళ్ళకు నేర్పేది, నేర్పాల్సిన పనేముంది, ఏ ఇంట్లో పుట్టినా అదే కదా, తాతయ్య కంటే ముందు చెంచా ఎత్తినందుకు అమ్మ వీపు మీద చరిచిన చరుపు ఇప్పటికీ గుర్తే, ఒకరోజు కెప్టెన్ ఫోన్లో భార్యతో మాట్లాడుతూనే ఉన్నాడు, సోయా పులుసు మీద ఆవిరి పోయింది, ఒక్కరూ కదల్లేదు, యేసుక్ మాత్రం, అన్నం చల్లారితే కెప్టెన్ గారు మళ్ళీ వండి పెడతారా ఏం, అని చెంచా ఎత్తి చప్పుడు చేస్తూ తాగేసింది, వాళ్ళమ్మ పంపిన ముల్లంగి కిమ్చి పచ్చడి డబ్బా తన వైపు తోసి, తినండి, మీ ఆకలికి కూడా పెద్దవాళ్ళ అనుమతి కావాలా, అంది, నోరూరినా తను చెయ్యి ముందుకు చాపలేదు, కెప్టెన్ ఫోన్ పెట్టేశాకే తిన్నాడు, భలే ఉంది.

ఆ కిమ్చి చేసినావిడ రెండో బెంచీలో కూర్చుని ఉంది, ప్రతి వాయిదాకూ వస్తుంది, ఒళ్ళో సంచి పెట్టుకుని దాని పట్టీ చుడుతూ విప్పుతూ ఉంటుంది, కూతురు లోపలే ఉండి జనానికి లైఫ్ జాకెట్లు కడుతూ మునిగిపోయిందని బతికొచ్చిన వాళ్ళెవరో చెప్పారట, తను మాత్రం తీరరక్షక దళం పడవ ఎక్కాడు, ఎలా ఎక్కాడు, తలుపు దగ్గర కెప్టెన్ జారబోతే మోచెయ్యి పట్టుకుని, మీరు ముందు వెళ్ళండి సార్, అన్నాడు, చీఫ్ మేట్‌కీ దారి ఇచ్చాడు, తర్వాతే తను, పారిపోయేటప్పుడు కూడా మర్యాద తప్పలేదు, ఎంత సిగ్గుచేటు, లోపల అంతమంది ఉండగా పెద్దల వరస గుర్తుంది, తన వంతు రావడానికి కాస్త ఆగాల్సొచ్చింది, ఆ ఆగినప్పుడే చేతిలో వాకీటాకీ మళ్ళీ గరగరలాడింది.

ముద్దాయి ప్యో సాంగ్‌హ్యోన్, అని జడ్జి పిలిచాడు, లేవబోతూ అలవాటు కొద్దీ కెప్టెన్ వైపు చూశాడు, కెప్టెన్ నేలవైపు చూస్తున్నాడు, ఆ రోజు నీళ్ళవైపు చూసినట్టే, ఇప్పుడు కూడా నేను ఈయన కోసమే చూస్తున్నానా, అనుకుంటూ లేచాడు, ఛే గారు గడ్డం కిందికి ఊపాడు, కానివ్వండి అన్నట్టు, ఆర్డరు రాలేదు అన్న మాట నాలుక మీదికి వచ్చింది, చెప్పేస్తే అయిపోతుంది, ఆ గరగర విన్నవాళ్ళు ఎవరూ లేరు, మిగతావాళ్ళు అప్పటికే తలుపు దాటారు, అడిగిన మనిషి తిరిగి రాలేదు, ఎవరు బయటపెడతారు, కానీ రెండో బెంచీలో ఆ వేళ్ళు పట్టీ చుట్టడం ఆపి ఎదురుచూస్తున్నాయి, సెకండ్ మేట్ గారూ అని ఓడలో ఒక్కసారి కూడా తప్పకుండా పిలిచిన పిల్ల ఆ చివరిసారి హోదా వదిలేసి, అన్నయ్యా, కెప్టెన్ గారిని వదిలెయ్, నువ్వు చెప్పు, పంపనా, అంది, ఒక్క మాట చాలు, పంపు అంటే పంపేది, చెంచా ముందెత్తగలిగిన పిల్ల, కాస్త తోడు అడిగింది, తను మీట నొక్కకుండా పడవ వైపు అడుగు వేశాడు, అమ్మా, మీ అమ్మాయి మూడోసారి కూడా పిలిచింది, అని తన గొంతే తనకు వినబడింది, ఛే గారు తల పట్టుకున్నాడు, జడ్జి కలం ఎత్తాడు, ఆవిడ లేచి నిలబడింది, ఇన్నాళ్ళూ రాని ఆర్డరు గురించే ఆలోచించాడు గానీ, అడిగింది తననే, జవాబు ఇవ్వనిదీ తనే.